బెంగళూరు అంచున ఒక పాల సంఘం: సర్కారు సాయం ఏ దారిన వస్తుంది, ఎక్కడ ఆగుతుంది

ఈ కేసులో సంఘానికి పేరు పెట్టడం లేదు. సర్జాపుర, ఆనేకల్, హొసకోటె వైపు ఇంట్లో తెలుగు, రిజిస్టర్లలో కన్నడ నడిచే ఊళ్లు చాలానే ఉన్నాయి. అక్కడి పాల సంఘాల లెక్కలు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి కాబట్టి వాటిని కలిపి ఒక నమూనా సంఘంగా చూపిస్తున్నాం. లీటర్లు, సభ్యుల సంఖ్య, మార్జిన్, పాల ధర లెక్క తిరగడానికి గుండుగా తీసుకున్నవి. చట్టాలు, పథకాల అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

సంఘం స్వరూపం

పుస్తకంలో సభ్యులు 140 మంది. రోజూ పాలు పోసేవాళ్లు 95 మంది. రెండు పూటలూ కలిపి 1,100 లీటర్లు. ఒక కార్యదర్శి, పాలు పరీక్షించే మనిషి ఒకరు, క్యాన్లు ఎత్తడానికి ఒకరు. సంఘం కర్ణాటక సహకార సంఘాల చట్టం, 1959 కింద రిజిస్టరైంది. పాలు బెంగళూరు పాల యూనియన్‌కు, అంటే బామూల్‌కు వెళ్తాయి. దాని పైన రాష్ట్రస్థాయి పాల ఫెడరేషన్ కేఎంఎఫ్ (కర్ణాటక మిల్క్ ఫెడరేషన్). ప్రపంచ బ్యాంకు అప్పుతో 1974లో మొదలైన కర్ణాటక డైరీ అభివృద్ధి సంస్థే 1984లో కేఎంఎఫ్ అయింది. ఊరి సంఘం, యూనియన్, ఫెడరేషన్ అనే మూడంచెల నిర్మాణం పుట్టుకలోనే ప్రభుత్వ సొమ్ము ఉంది. కాబట్టి సాయం కావాలా వద్దా అనే చర్చ ఇక్కడ కాలం చెల్లినది. సాయం ఎవరి చేతికి, ఏ కొలత మీద అందుతోందన్నదే చూడాలి.

సభ్యుడు పోసిన ప్రతి లీటరుకు రాష్ట్ర ప్రభుత్వం 5 రూపాయల ప్రోత్సాహధనం ఇస్తుంది.  మన నమూనా సంఘంలో 1,100 లీటర్లకు ఏడాదికి అది 20,07,500 రూపాయలు. జీతాలు, కరెంటు, రసాయనాలు పోను సంఘానికి లీటరుకు ఒక రూపాయి మిగిలిందనుకుంటే ఏడాదికి 4,01,500. అంటే సంఘం సొంత మిగులుకు అయిదు రెట్ల సర్కారు సొమ్ము ఊళ్లోకి వస్తోంది. అందులో ఒక్క పైసా కూడా సంఘం క్యాష్‌బుక్‌లోకి రాదు, నేరుగా సభ్యుడి ఖాతాలో పడుతుంది. అయితే ఆ 20 లక్షలకు ఆధారమయ్యే లెక్కంతా సంఘం కార్యదర్శి రాయాల్సిందే. ఈ పనికి విడిగా కూలి లేదు. పథకంలో తప్పులు మొదలయ్యేది సరిగ్గా ఈ చోటే.

5 రూపాయలు నడిచే దారి

పూటపూటా తూకం, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే ఘనపదార్థాలు) ఆటోమేటిక్ యంత్రంలో నమోదవుతాయి. నెలాఖరుకు సభ్యుడి వారీగా లీటర్ల జాబితా యూనియన్‌కు పోతుంది. అక్కడ సంఘం పంపిన మొత్తాన్ని యూనియన్ తీసుకున్న మొత్తంతో సరిచూస్తారు. ఆ తర్వాత జాబితా కేఎంఎఫ్‌కు, పశుసంవర్ధక శాఖకు, చివరికి రాష్ట్ర ట్రెజరీ ఆన్‌లైన్ వ్యవస్థ ఖజానె-2 ద్వారా బ్యాంకుకు. షెడ్యూల్డ్ కులాలు, తెగల సభ్యులకు బడ్జెట్ పద్దు వేరు. అందుకే ఒకే నెల పాలకు ఒక వీధిలో డబ్బు పడి పక్క వీధిలో పడకపోవడం జరుగుతుంది. దానికి కార్యదర్శిని నిలదీసి లాభం లేదు. కానీ ఊళ్లో ముందు నిలదీసేది ఆయన్నే.

ఇక తప్పులు. అన్నిటికన్నా ఖరీదైనది, అన్నిటికన్నా తక్కువ మంది గమనించేది కిలో-లీటరు తేడా. ఎలక్ట్రానిక్ కాటా కిలోల్లో చూపిస్తుంది, ప్రోత్సాహం లీటరుకు. ఒక లీటరు ఆవుపాలు సుమారు 1.03 కిలోలు. 1,100 కిలోలంటే 1,068 లీటర్లే. యంత్రంలో ఈ మార్పిడి పెట్టకుండా కిలోనే లీటరుగా రాస్తే రోజుకు 32 లీటర్లు గాలిలో పుడతాయి. ఏడాదికి 58,400 రూపాయల ప్రోత్సాహం లేని పాలకు అడిగినట్టవుతుంది. ఎవరూ దొంగతనం చేయకపోయినా ఆడిట్‌లో అభ్యంతరం పడుతుంది. రికవరీ అంటూ వస్తే పడేది నెలనెలా జాబితా మీద సంతకం పెట్టిన కార్యదర్శి, అధ్యక్షుల మీద. చూడాల్సింది ఒక్కటే: యంత్రం సెట్టింగులో మార్పిడి అంకె 1.03గా ఉందా, యూనియన్ రసీదులో ఏ ప్రమాణం రాసి ఉంది. రెండూ ఒకే ప్రమాణంలోకి వచ్చాకే జాబితా పంపాలి.

తర్వాతిది ఖాతా. డబ్బు ఆధార్ ఆధారంగా పడుతుంది కాబట్టి సంఘంలో ఇచ్చిన పాస్‌బుక్ నంబరుకు పెద్ద విలువ లేదు. ఆధార్ చివరిసారి ఏ బ్యాంకుకు జత అయిందో అక్కడికే పోతుంది. సిమ్ కార్డు కొన్నప్పుడో, ఊళ్లోకి వచ్చిన ఏజెంటు దగ్గర వేలిముద్ర వేసినప్పుడో తెరిచిన ఖాతాలో అయిదారు నెలల డబ్బు పేరుకుని ఉంటుంది. సభ్యుడు మాత్రం పాత బ్యాంకులో పాస్‌బుక్ ప్రింటు వేయించుకుని ‘రాలేదు’ అంటాడు. డబ్బు రాలేదన్న ప్రతి ఫిర్యాదుకూ ముందుగా ఆధార్ ఏ బ్యాంకుకు జతై ఉందో చూడాలి. శాఖకు అర్జీ రాయడం ఆ తర్వాతి పని. ఖాతా నంబరు మీదే నడిచే చెల్లింపుల్లో ఇంకో చిక్కు ఉంటుంది. 2019 ఏప్రిల్‌లో విజయా బ్యాంకు బ్యాంక్ ఆఫ్ బరోడాలో, 2020 ఏప్రిల్‌లో సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు ఇప్పటికీ కొన్ని సంఘాల బటవాడా జాబితాల్లో బతికే ఉన్నాయి.

పేర్ల సంగతి ఈ ఊళ్ల ప్రత్యేకత. ఆధార్‌లో వెంకటరమణప్ప, షేరు సర్టిఫికెట్‌లో వెంకటరవణప్ప. ఆధార్‌లో ఇంటిపేరు అక్షరం వెనక, సంఘం పుస్తకంలో ముందు. ఆవును సాకేది, పాలు పిండేది, తెచ్చి పోసేది మునియమ్మ, షేరు మాత్రం చనిపోయిన మామగారి పేరున. మొదటి రెండూ దిద్దుకోవచ్చు. మూడోదానికి పాలకవర్గ తీర్మానంతో వారసత్వ బదిలీ చేసి ఆమెనే సభ్యురాలిని చేయాలి. దాన్ని వాయిదా వేస్తూ పాత పేరుమీదే పాలు రాస్తుంటే ప్రోత్సాహం ఆగుతుంది, బోనస్ తగాదా అవుతుంది, రేపు ఓటు కూడా పోతుంది.

పరీక్ష గదిలో పోయే రూపాయి

పాల ధర ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ మీద ఆధారపడుతుంది. యూనియన్ తిప్పి పంపిన పాలకు ధరా లేదు, ప్రోత్సాహమూ లేదు. ఆవుపాలకు 3.5 ఫ్యాట్, 8.5 ఎస్‌ఎన్‌ఎఫ్ గీటురాయి. యంత్రం పాడై, పాల చిక్కదనం చూపే లాక్టోమీటరుతో నడిపే రోజుల్లో జరిగే పొరపాటు చూడండి. చాలాచోట్ల వాడే సూత్రం ఇది: లాక్టోమీటరు డిగ్రీని 4తో భాగించు, ఫ్యాట్‌లో నాలుగో వంతు కలుపు, 0.44 కలుపు. లాక్టోమీటరును 27 డిగ్రీల ఉష్ణోగ్రతకు లెక్కకట్టి తయారు చేస్తారు. అప్పుడే పిండి తెచ్చిన పాలు 35 డిగ్రీలుంటాయి. వేడి పాలు పలచన కాబట్టి రీడింగు తగ్గుతుంది. ప్రతి డిగ్రీకి 0.2 చొప్పున 1.6 కలపాలి. ఫ్యాట్ 4, రీడింగు 27 అయితే, సవరణ లేకుండా ఎస్‌ఎన్‌ఎఫ్ 8.19. సవరించి 28.6 చేస్తే 8.59. అవే పాలు, అదే చెంబు. ఒక లెక్కలో కోత, ఇంకో లెక్కలో పూర్తి ధర. థర్మామీటరు లేకుండా లాక్టోమీటరు ముంచే సంఘంలో ప్రభుత్వం 5 రూపాయలు ఇచ్చినా రైతు చేతికి ఆ మేరకు తక్కువే వస్తుంది.

యంత్రం బాగున్నప్పుడు కూడా నమ్మకం, ఫ్యాట్‌ను రసాయనాలతో చేత్తో కొలిచే గెర్బర్ పరీక్షతో సరిచూసుకుంటేనే: గంధకామ్లం 10 మి.లీ., పాలు 10.75 మి.లీ., అమైల్ ఆల్కహాల్ 1 మి.లీ., 65 డిగ్రీల నీళ్లస్నానం. వారానికి అయిదారు నమూనాలు ఇలా చూసి, యంత్రం చూపిన ఫ్యాట్‌తో తేడా రాసి గోడకు అంటిస్తే సగం గొడవలు తగ్గుతాయి. యంత్రం గొట్టాల్లో పాలరాయి, అంటే పాల అవశేషాల గట్టి పొర, పేరుకుంటే ఫ్యాట్ తప్పు చూపుతుంది. క్షారంతో రోజూ, ఆమ్లంతో వారానికోసారి కడగాలి. దాని ఖర్చు నెలకు కొన్ని వందలు. దాన్ని మిగిల్చి చూపించే పాలకవర్గాలు ఉన్నాయి.

అడ్వాన్సు ఉచ్చు

ప్రోత్సాహధనం నెలల తరబడి బాకీ పడడం కొత్త కాదు. ఆ ఆలస్యం ఊళ్లో ఎలా పనిచేస్తుందో ఒక లెక్క. సంఘం ధర లీటరుకు 35, ప్రైవేటు వ్యాను 38 నగదుగా ఇస్తుందనుకుందాం. ప్రోత్సాహంతో కలిపి సంఘం 40, అంటే సంఘమే 2 రూపాయలు మెరుగు. రోజుకు 12 లీటర్లు పోసే రైతుకు నెలకు 720 రూపాయల లాభం. కానీ 4 నెలలు బాకీ పడితే ఆయన సర్కారు దగ్గర ఇరుక్కున్న సొమ్ము 7,200. నెలకు 720 కోసం 7,200 ఆపుకోగల స్తోమత రెండు ఆవుల రైతుకు ఉండదు. దాణా అంగడివాడు ఆగడు కదా. కాబట్టి ఒక ఆవు పాలు సంఘానికి, ఇంకో ఆవు పాలు వ్యానుకు. సంఘంలో లీటర్లు తగ్గుతాయి, జీతాలు తగ్గవు.

ఇక్కడ పాలకవర్గానికి ఒక మంచి ఆలోచన తోస్తుంది: సంఘం నిధిలోంచి ప్రోత్సాహాన్ని అడ్వాన్సుగా ఇచ్చేద్దాం, సర్కారు డబ్బు రాగానే పట్టుకుందాం. వద్దు. సర్కారు డబ్బు సంఘానికి రాదు, సభ్యుడి ఖాతాకు పోతుంది. పట్టుకునే అధికారం సంఘానికి లేదు. మన సంఘంలో నెల ప్రోత్సాహం 1,65,000. మూడు నెలలు అడ్వాన్సు ఇస్తే 4,95,000, అంటే ఏడాది మిగులు మొత్తం పోగా ఇంకా అప్పు. ఆపై యూనియన్ నుంచి పాల సొమ్ము ఒక్క వారం ఆలస్యమైతే బటవాడా ఆగుతుంది. బటవాడా ఆగిన సంఘానికి మరునాటి పొద్దున పాలు రావు.

మేం చెప్పే మార్గం చిన్నది. అడ్వాన్సు నగదుగా వద్దు, దాణా అరువుగా ఇవ్వండి, అదీ పాల సొమ్ములోంచి వాయిదాలుగా పట్టుకునేట్టు రాతపూర్వక సమ్మతితో. పరిమితి ఒక్క నెల ప్రోత్సాహంలో సగం. 12 లీటర్ల రైతుకు నెలకు 1,800 రావాలి కాబట్టి 900 వరకు అరువు. అదేం పెద్ద ఊరట కాదు. కానీ సంఘం నిలబడుతుంది.

వ్యాను పోటీకి ఇంకో ముఖం కూడా ఉంది. సభ్యత్వం లేనివాళ్ల పాలు, కొన్నిసార్లు పక్క ఊరి పాలు, సభ్యుడి పేరున రాసి 5 రూపాయలు పంచుకోవడం. పట్టుకోవడం కష్టమేం కాదు. సంకర జాతి ఆవు రోజుకు 10 నుంచి 15 లీటర్లు ఇస్తుంది. రెండు ఆవులున్న ఇంటి పేరున ఏడాది పొడుగునా 45 లీటర్లు పడుతుంటే, ఈనిక, వట్టిపోయిన కాలం ఏవీ కనబడకుండా గీత సూటిగా పోతుంటే అనుమానించాలి. చెవికి వేసిన 12 అంకెల పశు ఆధార్ ట్యాగ్ నంబర్లు సభ్యుడి పేజీలో రాసి ఉంటే ఆడిటరు అడిగిన రోజున జవాబు ఉంటుంది.

యంత్రాలకిచ్చే సాయం

కేంద్రం 2014లో మొదలుపెట్టిన జాతీయ డైరీ అభివృద్ధి కార్యక్రమం లాంటి పథకాల కింద శీతలీకరణ ట్యాంకులకు, పరీక్ష యంత్రాలకు సాయం యూనియన్ ద్వారా వస్తుంది. ఇచ్చేవాళ్లకు పెద్ద ట్యాంకు ఇవ్వడం ఇష్టం, తీసుకునేవాళ్లకు ఇంకా ఇష్టం. పూటకు 550 లీటర్లు వచ్చే సంఘానికి 3,000 లీటర్ల ట్యాంకు పెడితే అడుగున ఉన్న పాలు కలిపే రెక్కకు సరిగ్గా అందవు. ఒకచోట గడ్డకట్టి, ఒకచోట వెచ్చగా ఉంటాయి. యూనియన్ ట్యాంకరు కూడా అంత కొంచెం పాలకు రోజూ రాదు.

కరెంటు లెక్క ముందే వేసుకోవాలి. 1,000 లీటర్ల పాలను 35 నుంచి 4 డిగ్రీలకు దించడానికి తీయాల్సిన వేడి 34 యూనిట్లకు దగ్గర. కంప్రెసర్ సామర్థ్యాన్ని బట్టి మీటరు మీద 14 నుంచి 17 యూనిట్లు. దానికి కడిగే వేడినీళ్లు, కరెంటు పోయినప్పుడు జనరేటర్ డీజిల్ అదనం. ట్యాంకు ఉచితంగా రావచ్చు, డీజిల్ ఉచితంగా రాదు. చుట్టూ మూడు నాలుగు ఊళ్ల సంఘాలు కలిసి ఒకే ట్యాంకు దగ్గర పోసే ఏర్పాటు కుదిరితేనే తీసుకోవడం మేలు. కుదరకపోతే క్యాన్లే నయం.

కేంద్ర సహకార మంత్రిత్వ శాఖ 2021లో ఏర్పడింది. 2023లో, అయిదేళ్లలో 2 లక్షల కొత్త ప్రాథమిక వ్యవసాయ పరపతి, పాల, మత్స్య సంఘాలు పెట్టాలన్న లక్ష్యాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. సంఘమే లేని జిల్లాలకు అది మంచిదే. బెంగళూరు అంచున మాత్రం మేతభూమి లేఅవుట్లు అవుతున్న చోట, ఉన్న సంఘంలో లీటర్లు నిలబెట్టడమే కష్టంగా ఉంది. సాయం సంఘాల లెక్కన కాక లీటరు లెక్కన రావడమే ఇక్కడ పనిచేసింది. ఆలస్యంగా వచ్చినా సరే, ఆ 5 రూపాయలు పాలు పోసే సభ్యుడికే పోతాయి, ఉత్త షేరు కాగితం ఉన్నవాడికి కాదు.

గిరాకీ వైపు సాయం కూడా మరువకూడదు. 2013 ఆగస్టు 1న మొదలైన క్షీరభాగ్యలో బడిపిల్లలకు 150 మి.లీ. పాలు, అంటే ఒక్కొక్కరికి 18 గ్రాముల పాలపొడి. వానాకాలంలో పొంగే పాలు పొడిగా మారి అక్కడికి పోతాయి కాబట్టే యూనియన్ ‘ఈ వారం పాలు వద్దు’ అనే పరిస్థితి తక్కువ. ఇక సభ్యుల కుటుంబాలకు యశస్విని ఆరోగ్య పథకం: గ్రామీణ ప్రాంతంలో నలుగురి కుటుంబానికి ఏడాదికి 500 రూపాయలు కడితే 5 లక్షల వరకు చికిత్స. నమోదు గడువు కొద్దికాలమే తెరుస్తారు, కార్యదర్శి ఆ జాబితా మరిచిపోతే కుటుంబాలు ఏడాదంతా బయటే.

ఈ సాయానికి ధర కూడా ఉంది. కేఎంఎఫ్ అమ్మే నందిని పాల ధర పెంచాలంటే మంత్రివర్గం కదలాలి. 2025 ఏప్రిల్ 1న లీటరుకు 4 రూపాయలు పెరిగింది కూడా అలాగే. దాణా ధర పెరిగిన నెలలో పాల ధర పెంచుకునే స్వేచ్ఛ సంఘానికీ లేదు, యూనియన్‌కూ లేదు. 1997 సౌహార్ద సహకారి చట్టం కింద ప్రభుత్వ జోక్యం తక్కువ కదా, అటు మారితే ఏమని కొందరు అడుగుతారు. పరపతి సంఘాలకు అది సరే. కేఎంఎఫ్ గొలుసులో ఉన్న పాల సంఘానికి ఆ దారిలో యూనియనూ, 5 రూపాయలూ రెండూ ప్రశ్నార్థకమవుతాయి.

పన్ను

ఆదాయపు పన్ను చట్టం, 1961 సెక్షన్ 80పీ ప్రకారం సభ్యుల పాలను యూనియన్‌కు సరఫరా చేసే ప్రాథమిక సంఘానికి ఆ లాభం మొత్తం మినహాయింపు. ఊళ్లో విడిగా అమ్మిన పాల లాభం ఆ క్లాజులోకి రాదు. సంఘం గేటు దగ్గర అపార్ట్‌మెంటు వాళ్లకు చెంబులతో పోసే పాలు ఇప్పుడు చిన్న వ్యాపారం కావు. వాటి అమ్మకం, కొనుగోలు వేరే ఖాతాలో రాయాలి. మిగతా కార్యకలాపాలకు ఉన్న 50,000 రూపాయల మినహాయింపు దాటితే పన్ను కట్టాలి. ఇంకో షరతు, రిటర్ను గడువులోపల వేయాలి. వేయకపోతే 80పీ మొత్తం పోతుంది. పన్నే లేదు, రిటర్ను ఎందుకన్న మాట వల్ల నోటీసులు తెచ్చుకున్న సంఘాలు చాలా. శాఖాపరమైన ఆడిట్ ఆలస్యమై 2018-19 నుంచి 2022-23 మదింపు సంవత్సరాలకు ఇరుక్కున్నవాటికి 2023 జులైలో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ మన్నింపు దారి తెరిచింది. అది ప్రతిసారీ వస్తుందనుకోవద్దు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి, ఆ తేదీ తర్వాతి ఆదాయానికి పాత నంబర్లతో ఫారాలు నింపకండి.

పాలు పోయని 45 మంది

సంఘానికి ఊరి నడుమ 30 ఏళ్ల కిందటి స్థలం, భవనం ఉన్నాయి. రోడ్డు పడ్డాక దాని విలువ ఏడాది పాల వ్యాపారం కంటే ఎక్కువ. ఆవులు అమ్మేసిన 45 మందికి సంఘం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టేది అందుకే. కనీస సేవలు వాడుకోని సభ్యుడికి ఓటు లేకుండా పోవచ్చు. పాల సంఘాల బైలాల్లో సాధారణంగా ఏడాదికి 180 రోజులు, 500 లీటర్లు అన్న కొలత ఉంటుంది. మీ బైలా ప్రతి తీసి చూసుకోండి.

లెక్క సరైనదే అయినా పద్ధతి తప్పితే ఓడిపోతారు. ఎన్నిక ముంగిట అనర్హుల జాబితా గోడకు అంటిస్తే ఆ 45 మందీ హైకోర్టుకు వెళ్లి, నోటీసు ఇవ్వలేదని మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకుని ఓటు వేస్తారు. ఫలితం ఏళ్ల తరబడి కోర్టులో ఉంటుంది. అందుకే ప్రతి ఏటా ఆర్థిక సంవత్సరం ముగియగానే ఎవరు ఎన్ని రోజులు, ఎన్ని లీటర్లు పోశారో సభ్యుడికి రాతపూర్వకంగా ఇచ్చి సంతకం తీసుకోవాలి. అనర్హత వచ్చే అవకాశం ఉంటే ఆ కాగితంలోనే చెప్పాలి. సెప్టెంబర్ 25 లోపు జరపాల్సిన సర్వసభ్య సభ నోటీసు రిజిస్టర్డ్ పోస్టులోనో, సంతకంతో చేతికో ఇచ్చి ఆధారం దాచాలి. ఆవుల్లేక ఇక పోయలేమని ఒప్పుకునేవాళ్లకు షేరు సొమ్ము తిరిగి ఇవ్వడమో, ఓటు లేని నామమాత్ర సభ్యత్వమో ఇవ్వవచ్చు. మళ్లీ ఆవు కొంటే పూర్తి సభ్యుడిగా తీసుకుంటామన్న తీర్మానం కూడా పక్కనే రాయించండి, చాలామంది సంతకం పెట్టేది ఆ ఒక్క వాక్యం చూసే.